నిలువుకాళ్ళ కొలువు

ఎడమకాలి పిక్కకి పట్టీ చుట్టడం అయిపోయింది. పెద్దక్క కుడికాలు ముందుకి చాపుకుని రెండో పట్టీ చుట్ట విప్పింది. గుమ్మంలో కూర్చుని, మడమ దగ్గర మొదలుపెట్టి మోకాలి కిందదాకా, ఒక వరస మీద ఇంకో వరస సగం ఎక్కేట్టు చుట్టుకు రావాలి. మరీ బిగిస్తే పాదం చల్లబడిపోతుంది. వదులైతే మధ్యాహ్నానికల్లా జారి చీలమండ దగ్గర కుప్పపడుతుంది. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి, గోడ మీద పాకిన తీగల్లా ఉబ్బి ఉంటాయి. ఆవిడ వాటి వంక చూడదు. పట్టీ చుట్టినంతసేపూ చూపు వీధివైపు పెట్టుకుంటుంది, ఆ కాళ్ళు ఎవరివో అన్నట్టు.

"ఇవాళైనా చెప్తావా?" అన్నాడు మొగుడు లోపల్నించి.

ఆయన సిటీబస్సు డ్రైవరు. అద్దం ముందు నిలబడి ఊపిరి బిగబట్టి నడుముకి బెల్టు పెట్టుకుంటున్నాడు. డాక్టరు రాసిచ్చిన వెడల్పాటి బెల్టు అది.

"చెప్తాను."

"ఇంతకుముందూ ఇదే మాటన్నావు. చెప్పడానికెళ్ళి ఫ్లాస్కు పట్టుకొచ్చావు."

"పొద్దున్నే ఎగతాళి చెయ్యకండి."

"ఎగతాళి కాదే. నేను కూర్చునీ కూర్చునీ నడుం పోగొట్టుకున్నాను. నువ్వు నిలబడీ నిలబడీ కాళ్ళు పోగొట్టుకున్నావు. నా కాళ్ళూ నీ నడుమూ కలిపితే ఒక మంచి మనిషి తయారవుతాడు."

"తయారయ్యాక ఆ మనిషిని కూడా మా ఓనరే పనిలో పెట్టుకుంటాడు," అంది పెద్దక్క, పట్టీ కొసకి పిన్ను గుచ్చుతూ.

ఆయన పగలబడి నవ్వబోయి, బెల్టు అడ్డం రావడంతో సగంలో ఆపేశాడు.

బట్టల కొట్టులో ఆవిడ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. షర్టుల కౌంటర్లో చేరిన కొత్తల్లో అందరికంటే చిన్నది. తనకంటే ముందున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేసి పోయారు, తరవాత వచ్చినవాళ్ళూ మానేసి పోయారు, ఆవిడ మాత్రం కౌంటరుకి కొట్టిన మేకులా అక్కడే ఉండిపోయింది. ఉండగా ఉండగా పెద్దక్క అయింది. మెడలో వేలాడే కార్డు మీద పేరు కింద "సీనియర్" అని ఉంటుంది. అది కూడా ఊరికే రాలేదు. దాని వెనక ఓ కథ ఉంది.

మొదటిసారి ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి ఓనరు గదికి వెళ్ళినప్పుడు ఆ మాట రాయించి ఇచ్చాడు. జీతం పెంచలేదు, మాట పెంచాడు. రెండోసారి వెళ్ళినప్పుడు ఫ్లాస్కు ఇచ్చాడు. అది మంచి ఫ్లాస్కే, కాదనడానికి లేదు, పోసిన టీ సాయంత్రందాకా వేడిగా ఉంటుంది. కాకపోతే సాయంత్రందాకా టీ తాగే తీరిక ఆ కొట్టులో ఎవరికీ ఉండదు. మూడోసారి ఏమీ ఇవ్వలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, పక్కన నిలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మా అమ్మ పోయినప్పుడు కూడా నాకింత దిగులు వెయ్యలేదమ్మా, నువ్వు వెళ్ళిపోతానంటే చెయ్యి విరిగినట్టుంది," అన్నాడు. పెద్దక్క వెన్నలా కరిగిపోయి, ఓనర్ని తనే ఓదార్చి, కిందికి దిగి వచ్చి మళ్ళీ షర్టులు మడతపెట్టుకుంది.

ఆయన అరిచే మనిషి కాడు. అదే వచ్చిన చిక్కు. అరిస్తే ఎదురు తిరగొచ్చు. ఆడవాళ్ళందర్నీ "అమ్మా" అంటాడు, మగవాళ్ళందర్నీ "నాన్నా" అంటాడు. మీరంతా మా ఇంటి మనుషులే అంటాడు. ఇంటి మనుషులకి సెలవులెందుకంటాడు. ఇంటి మనుషులు పండగ అమ్మకాలప్పుడు పొద్దుపోయేదాకా ఉంటే దానికి ఇంకో జీతమేమిటంటాడు. తేనె పూసిన గొంతుతో చెప్తుంటే వినేవాళ్ళకి తామే ఏదో తప్పు అడిగినట్టు సిగ్గేస్తుంది.

ఈసారి మాత్రం వెనక్కి తగ్గడానికి లేదు. వీధి చివర రెండు గదుల్లో కర్టెన్లు కుట్టించే పిన్ని నిన్న రాత్రి మనిషిని పంపించి పిలిపించింది. అంచులు కుట్టే అమ్మాయి కాన్పుకి వెళ్ళిపోయిందట. పెద్దక్కకి మిషను వచ్చని ఆవిడకి తెలుసు.

"జీతం అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా ఉండదు తల్లీ, ముందే చెప్తున్నా. కానీ కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. సాయంత్రం చీకటి పడేలోగా నాకు ఫోను చెయ్యి. చెయ్యకపోతే ఆ పక్కవీధి పిల్లని రమ్మంటాను. నీకోసం నేను ఆగుతాను గానీ ఆర్డరు ఆగదు కదా."

కుర్చీ ఉంటుంది అన్న మాట పెద్దక్కకి రాత్రంతా చెవుల్లో తిరిగింది.

*

కొట్టు తలుపులు తీయకముందే అందరూ వరసగా నిలబడాలి. ఫ్లోరు మేనేజరు ముందుకొచ్చి నిన్న ఎవరు ఎంత అమ్మారో చదువుతాడు. ఎక్కువ అమ్మినవాళ్ళకి చప్పట్లు కొట్టాలి. తక్కువ అమ్మినవాళ్ళు కూడా కొట్టాలి, ఇంకాస్త గట్టిగా కొట్టాలి. రబ్బరు అట్టల బూట్లు వేసుకుని చప్పుడు లేకుండా నడుస్తాడని ఆ మేనేజరుకి పిల్లి సారు అని పేరు పెట్టారు కొట్టులో పనిచేసే కుర్రపిల్లలు. కోపం వచ్చిన రోజున కాలు కాలిన పిల్లి సారు అంటారు.

కొట్టులో పెద్ద రూలు ఒకటే. అమ్మేవాళ్ళు కూర్చోకూడదు. కొనేవాళ్ళకి కౌంటరు బయట గుండ్రటి మెత్తటి స్టూళ్ళున్నాయి. కౌంటరు లోపల పీట ముక్క కూడా లేదు. అమ్మేవాళ్ళు కూర్చుని కనిపిస్తే ఆ కొట్టుకి బేరాల్లేవని కొనేవాళ్ళు అనుకుంటారని ఓనరు సిద్ధాంతం. జనం లేనప్పుడు కూడా నిలబడే ఉండాలి. చేతులు ముందుకి కట్టుకుని, కాస్త ముందుకి వంగి, మొహమ్మీద నవ్వు అతికించుకుని నిలబడాలి. పైన మెట్లెక్కితే ఓనరు గది. ముందు గోడంతా అద్దమే. అక్కడ కూర్చుంటే కింద ఎవరి తల ఎక్కడుందో మొత్తం కనిపిస్తుంది.

మనుషులన్నాక దారి వెతుక్కోకుండా ఉంటారా? కౌంటర్ల వెనక బీరువాల్లో అన్నిటికంటే కింది అరలో బనీన్లూ మేజోళ్ళూ ఉంటాయి. ఆ అర సర్దాలంటే గొంతుక్కూర్చోవాలి, లేదా నేలమీద చతికిలబడాలి. కాబట్టి కింది అర ఎప్పుడూ చిందరవందరగానే ఉంటుంది. ఒకళ్ళు సర్ది లేవడం, ఇంకొకళ్ళు ఓ గుప్పెడు మేజోళ్ళు చెదరగొట్టి సర్దడానికి కూర్చోవడం. ఆ కొట్టు మేజోళ్ళని సర్దినన్నిసార్లు ఏ దేశంలోనూ ఎవరూ మేజోళ్ళని సర్ది ఉండరు. పిల్లి సారు ఇటు వస్తుంటే చూసినవాళ్ళు వేలాడే బట్టల గొట్టం మీద హ్యాంగర్లని ఒక్క తోపు తోస్తారు. గలగలమని చప్పుడు. ఆ చప్పుడు వినగానే కింద కూర్చున్నవాళ్ళు స్ప్రింగులా లేచి నిలబడతారు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలీదు. పెద్దక్క చేరేనాటికే ఉంది. మోకాళ్ళకి ఎంత అలవాటైందంటే, ఓసారి ఇంట్లో మొగుడు బీరువాలో చొక్కా వెతుక్కుంటూ హ్యాంగర్లు కదిపితే, అన్నం తింటున్నది కాస్తా కంచంతో సహా లేచి నిలబడింది.

ఆ పొద్దున్న మొదటి బేరమే జిడ్డు బేరం. దంపతులు. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు, ఆవిడ పక్క స్టూలు మీద కూర్చుంది. పెద్దక్క తీస్తోంది, విప్పుతోంది, పరుస్తోంది. నీలం చూపిస్తే ఆకుపచ్చ అడిగారు. ఆకుపచ్చ తీస్తే గళ్ళు లేవా అన్నారు. గళ్ళు తీస్తే గళ్ళల్లో ముసలాడిలా ఉన్నానన్నాడు ఆయన. ముసలాడు ముసలాడిలా కాక ఇంకెలా ఉంటాడు అంది ఆవిడ. కౌంటరు మీద షర్టులు గుట్టయ్యాయి. పై అరలో డబ్బా అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచినప్పుడు పెద్దక్కకి పిక్కలో ఎవరో సూదిలో దారం ఎక్కించి లాగినట్టయింది. మొహమ్మీద నవ్వు మాత్రం చెదరలేదు.

"వద్దులెండి," అన్నాడు చివరికి ఆయన, ఎంతో హాయిగా. లేచి వెళ్ళిపోయారు.

గుట్టలోంచి మొదటి షర్టు మడతపెట్టడం మొదలుపెట్టిందో లేదో, పిల్లి సారు పక్కన మొలిచాడు.

"వట్టి చేతుల్తో పంపించావేంటి పెద్దక్కా?"

"కొనేవాళ్ళు కాదు సార్ వాళ్ళు."

"కొనేవాళ్ళకి ఎవరైనా అమ్ముతారు. కొననివాళ్ళకి అమ్మడానికే నిన్ను పెట్టుకుంది. కార్డు మీద సీనియర్ అని ఊరికే రాశారా?"

పెద్దక్క తల వంచుకుని షర్టుకి గుండీలు పెట్టుకుంటూ పోయింది. పిల్లి సారు వెళ్ళబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, గొంతు తగ్గించాడు.

"పైనించి నన్నూ తిడతారు. నా బాధ నీకేం తెలుసు?"

అనేసి చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు. ఆ నడకలో ఎడమకాలు కాస్త ఈడ్చడం పెద్దక్క కంటబడింది. ఎప్పట్నించి ఈడుస్తున్నాడో!

*

మధ్యాహ్నం భోజనం గోడౌనులో, అట్టపెట్టెల మధ్య. వంతులవారీగా తినాలి. అక్కడ కూర్చోవచ్చు కానీ, కూర్చుంటే లేవబుద్ధి కాదని చాలామంది నిలబడే తినేస్తారు. పెద్దక్క అట్టపెట్టె మీద కూర్చుని డబ్బా మూత తీసింది. పక్కన పిల్లల బట్టల కౌంటరు అమ్మాయి. నోరు మూతపడదు కాబట్టి దానికి చిలక అని పేరు.

"చెప్పావా అక్కా?"

"ఇంకా లేదే."

"నాకు తెలుసు. నీకు భయం. మేం పందెం వేసుకున్నాం. ఈసారి కుక్కరు ఇస్తాడని నేనూ, గోడ గడియారం ఇస్తాడని చీరల అక్కా."

"నోర్ముయ్యవే, తింటున్నాను."

"నిజం చెప్పు. వెళ్ళిపోతావా?"

పెద్దక్క ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"వెళ్ళకపోతే ఈ కాళ్ళు నాకంటే ముందు వెళ్ళిపోయేట్టున్నాయి."

చిలక నవ్వలేదు. డబ్బా కిందపెట్టి, "నువ్వు లేకపోతే మాకు హ్యాంగర్లు ఎవరు కొడతారక్కా?" అంది. అని, తనే ముక్కు ఎగబీల్చి, "పోనీలే, నేను కొడతాను. నువ్వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు. అన్నం తిన్న వేడిమీద ధైర్యం ఉంటుంది," అని చెయ్యి కడుక్కోడానికి లేచింది.

పెద్దక్క వెంటనే వెళ్ళలేదు. చెయ్యి కడుక్కుంది. మొహం కడుక్కుంది. కౌంటరుకి వెళ్ళి పొద్దుటి గుట్టలో మిగిలిన షర్టులన్నీ మడతపెట్టి, కాలర్లన్నీ ఒక వరసకి తెచ్చింది. వద్దన్న బేరం తాలూకు పని రేపు ఇంకొకళ్ళ నెత్తిన పడకూడదనుకుంది. ఆ తరవాత ఇంకా ఏదైనా సర్దే పని ఉందేమోనని అటూ ఇటూ చూసింది. కింది అర చిందరవందరగా ఉంది. అది తన పని కాదు. ఇక సాకులు అయిపోయాయి.

మెట్ల వైపు నడిచింది.

*

ఓనరు ఫోనులో ఉన్నాడు. పెద్దక్కని చూసి, ఉండమన్నట్టు చెయ్యి చూపించి, కిటికీ వైపు తిరిగి మాట్లాడుకుంటున్నాడు. సరుకు రాలేదని అవతలివాళ్ళని బుజ్జగిస్తున్నాడు. గది చల్లగా ఉంది. బల్లకి ఇవతల రెండు కుర్చీలున్నాయి, ముదురు ఎరుపు మెత్తలతో. సరుకు తెచ్చేవాళ్ళకీ బ్యాంకు వాళ్ళకీ వేసినవి. పనివాళ్ళెవరూ వాటిలో కూర్చోగా ఎవరూ చూడలేదు. కూర్చోవద్దని చెప్పినవాళ్ళూ లేరు. గోడలోంచి నడవకూడదని ఎవరైనా చెప్తారా? అలాగే ఇదీను.

పెద్దక్క తలుపు పక్కన నిలబడింది. ఫోను మాటలు తెగలేదు. చెప్పాల్సింది మనసులో మళ్ళీ అనుకుంది. సార్, రేపట్నించి రాను సార్. రెండు మాటలు. కుడి పిక్కలో పొద్దుటి దారం మళ్ళీ ఎవరో లాగుతున్నారు. చల్లగాలికి పట్టీ కింద చర్మం గుంజుకుపోతోంది. బరువు ఎడమకాలి మీద వేసింది. తరవాత కుడికాలి మీద వేసింది. ఇంకో కాలుంటే దానిమీదా వేసేదే.

ఓనరు ఎవరితోనో నవ్వుతున్నాడు. "అదేం మాట, మీరూ మేమూ ఒకటే కుటుంబం," అంటున్నాడు.

ఆ మాట వినగానే పెద్దక్కకి ఏమైందో ఏమో. కోపం రాలేదు. ఒళ్ళంతా ఒక్కసారిగా అలిసిపోయినట్టయింది, అంతే. దగ్గరున్న కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.

మెత్త నెమ్మదిగా కిందికి దిగి ఆవిడని పట్టుకుంది. కాళ్ళలోంచి ఏదో బరువు నేలలోకి జారిపోయింది.

సరిగ్గా అప్పుడే కింద గలగలమంది. పిల్లల బట్టల దగ్గర మొదలై చీరల వైపు, చీరల దగ్గర్నించి షర్టుల వైపు, హ్యాంగర్లన్నీ ఒక్కసారి మోగాయి. అద్దంలోంచి కింద చిలక కనిపించింది. కళ్ళు ఇంతింత చేసుకుని పైకి చూస్తూ రెండు చేతులతో హ్యాంగర్లు తోసేస్తోంది. అక్కా, లే, ఓనరు అక్కడే ఉన్నాడు, చూస్తాడు, లే! ఓనరు చూడకుండా ఎక్కడ ఉంటాడు, ఆయన గదిలో ఆయన ఎదురుగానే కూర్చుంటే? కంగారులో పిచ్చిపిల్లకి అది తట్టలేదు.

తట్టకపోతేనేం, పెద్దక్క మోకాళ్ళు చప్పుడు విన్నాయి. చెప్పాపెట్టకుండా లేవబోయాయి. కుర్చీలోంచి జానెడు పైకి లేచింది. ఓనరు అప్పుడే ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు. లేచీ లేవని పెద్దక్క, కుర్చీ చేతుల మీద రెండు అరిచేతులూ ఆనించి, ఒక్క క్షణం గాల్లో ఆగిపోయింది.

ఎందుకు లేస్తున్నట్టు?

మళ్ళీ కూర్చుంది. ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు ఓనరు. ఆయన చూపు కుర్చీ మీద ఉంది.

"బాగానే ఉంది సార్."

"మరి..." అని ఆగాడు.

"రేపట్నించి రాను సార్. మానేస్తున్నాను."

అనేసింది. ఇన్నేళ్ళూ కొండంత అనుకున్నది, అవతల పడ్డాక గులకరాయంత ఉంది.

ఓనరు వెంటనే లేచాడు. ఆయన అలవాటే అది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, కాస్త ముందుకి వంగి, గొంతులో తేనె పోసుకున్నాడు.

"ఏం మాటలమ్మా ఇవి? నువ్వు పనిమనిషివా ఇక్కడ? ఇంటి మనిషివి. నువ్వు లేకుండా ఈ కొట్టు ఏం కావాలి?"

పెద్దక్క తలెత్తి చూసింది. ఎప్పుడూ ఆయన పక్కన నిలబడితే తల దించుకుని ఆయన బూట్ల వంకే చూసేది. ఇవాళ కూర్చునుండటంతో తలెత్తక తప్పలేదు. చేతులు ముందుకి కట్టుకుని, ముందుకి వంగి, మొహమ్మీద నవ్వు అతికించుకుని నిలబడ్డాడు ఆయన. ఎక్కడో చూసిన నిలుపు. ఎక్కడ ఏమిటి, అది తన నిలుపే!

"నిన్ను ఫ్లోరు ఇన్‌చార్జిని చేద్దామని ఎప్పట్నించో అనుకుంటున్నానమ్మా."

"వద్దండి."

"పోనీ వారంలో ఇంకో పూట సెలవు తీసుకో. నేనే చెప్తాను మేనేజరుకి."

"వద్దులెండి."

"కాళ్ళ నొప్పులా? మనకి తెలిసిన డాక్టరున్నాడు. నా పేరు చెప్పి వెళ్ళు, బాగా చూస్తాడు. లేకపోతే ఆ బిల్లుల సెక్షనులోకి..."

ఒకటి వద్దంటే ఇంకోటి విప్పి పరుస్తున్నాడు. నీలం, ఆకుపచ్చ, గళ్ళు. పెద్దక్కకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఇన్నేళ్ళుగా ఆ స్టూళ్ళ మీద కూర్చున్నవాళ్ళు అంత తేలిగ్గా, అంత హాయిగా వద్దని ఎలా అనేవాళ్ళో ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. వాళ్ళ మనసులు రాతివనుకునేది. మనసులు కాదు, స్టూళ్ళు. కూర్చున్న మనిషి నోటికి వద్దు అనే మాట దానంతటదే వస్తుంది.

ఆయనకీ ఎక్కడో తేడా తెలిసినట్టుంది. తను నిలబడి ఉన్నాడు, ఆవిడ కూర్చుని ఉంది. అద్దంలోంచి కింద మొహాలన్నీ పైకి తిరిగి ఉన్నాయి. కట్టుకున్న చేతులు విప్పేశాడు. గబగబా బల్ల చుట్టూ తిరిగి తన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాక గొంతులో తేనె అడుగంటింది.

"ముందుగా చెప్పకుండా మానేస్తే ఈ నెల జీతం లేటవుతుంది. ఆ సంగతి తెలుసుగా?"

"తెలుసు సార్. ఇచ్చినప్పుడే ఇవ్వండి. అడగడానికి వస్తాను. పని చెయ్యడానికి మాత్రం రాను."

కుర్చీ చేతులు పట్టుకుని, తొందరపడకుండా లేచింది. మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నమస్కారం పెట్టింది. అది అలవాటు కొద్దీ కాదు, ఇన్నాళ్ళు అన్నం పెట్టిన చోటు కదా అని. బయటికి వస్తుంటే పిల్లి సారు ఎదురొచ్చాడు. ఆయన్ని పిలిచారు కాబోలు. పెద్దక్క మెట్లు దిగుతుంటే వెనక ఓనరు గొంతు వినిపించింది. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు.

"ఈ కుర్చీ ఇక్కణ్ణించి తీసెయ్ నాన్నా. ఎవరు పడితే వాళ్ళు కూర్చుంటున్నారు."

*

కింద చిలక పరిగెత్తుకొచ్చింది.

"ఏమిచ్చాడక్కా?"

"ఏమీ ఇవ్వలేదే. కుక్కరూ లేదు, గడియారమూ లేదు."

"అంటే..."

"అంటే అంతే."

చిలక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చీరల అక్క కౌంటరు దాటి రాకూడదు కాబట్టి అక్కణ్ణించే చెయ్యి ఊపింది. ఎక్కువసేపు నిలబడి మాట్లాడటానికి లేదు, బేరాలు వస్తున్నాయి. పెద్దక్క గోడౌనులోకి వెళ్ళి డబ్బా సంచీ తెచ్చుకుంది. బయటికి పోయేటప్పుడు గేటు దగ్గర కాపలా ఆవిడ సంచులన్నీ తెరిచి చూస్తుంది. అదీ రోజూ ఉండేదే. సంచీ తెరిచి చూపించింది. ఆవిడ లోపలికి చూడలేదు, పెద్దక్క మొహంలోకి చూసింది.

"ఇంత వెలుతురుండగా పోతున్నావు, అంతా మంచిదేనా?"

"మంచిదే వదినా," అంది పెద్దక్క.

వీధిలో ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వేళప్పుడు ఆ వీధి ఎలా ఉంటుందో ఆవిడ పనిరోజున ఎన్నడూ చూడలేదు. పళ్ళబండి అతను గొడుగు వాల్చి కునుకు తీస్తున్నాడు. బడి విడిచాక పిల్లలు నీళ్ళ సీసాలు ఊపుకుంటూ పోతున్నారు. అందరూ ఏదో ముందే అనుకున్నట్టు మామూలుగా ఉన్నారు. పెద్దక్క వీధి దాటి ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడి ఫోను తీసింది.

"పిన్నీ, నేను. చెప్పేశాను."

"బతికించావు తల్లీ. రేపు పొద్దున్నే వచ్చెయ్. ఆ హోటలు వాళ్ళ కర్టెన్లు తాటాకుల్లా గుట్టలుగా పడి ఉన్నాయి ఇక్కడ."

"వస్తాను. కుర్చీ..."

"కుర్చీకేమైంది?"

"ఏం కాలేదు. ఊరికే అడిగాను."

తరవాత మొగుడికి చేసింది. ఆయన టెర్మినస్‌లో బస్సు ఆపుకుని ఉన్నట్టున్నాడు, వెనక ఇంజను చప్పుడు లేదు.

"ఏం పట్టుకొస్తున్నావు?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"వట్టి చేతులు."



"అబ్బ! ఇన్నాళ్ళకి!" అన్నాడు. అని ఈసారి బెల్టు సంగతి మరిచిపోయి పూర్తిగా నవ్వాడు. నొప్పి పుట్టిందేమో, "ఉఫ్," అన్నాడు, మళ్ళీ నవ్వాడు. పెద్దక్క కూడా నవ్వింది. పక్కనున్నవాళ్ళు చూస్తారని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు తడిశాయి. ఎందుకో తెలీలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. బస్టాపులో సిమెంటు చప్టా ఖాళీగా ఉంది. కూర్చుని కాళ్ళు ముందుకి చాపుకుంది. జనం దాటుకుంటూ పోయారు.

అక్కణ్ణించి కొట్టు ముందు అద్దాలు బాగా కనిపిస్తున్నాయి. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. మెట్ల మీద పిల్లి సారు దిగుతున్నాడు, రెండు చేతుల్తో ఆ ఎర్ర మెత్త కుర్చీ మోసుకుంటూ, ఎడమకాలు ఈడ్చుకుంటూ. కింద మెట్టు దగ్గర ఆగాడు. ఎక్కడ పెట్టాలో తెలీనట్టు అటూ ఇటూ చూశాడు. దారిలో పెడితే కొనేవాళ్ళకి అడ్డం. గోడౌను నిండా అట్టపెట్టెలు. ఇంతలో ఎవరో పెళ్ళివాళ్ళు కాబోలు, గుంపుగా లోపలికి వచ్చారు. గాభరాగా కుర్చీని షర్టుల కౌంటరు లోపలికి తోసేసి వాళ్ళకి ఎదురెళ్ళాడు.

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని పెద్దక్క మళ్ళీ ఒకసారి చూసింది. షర్టుల కౌంటరు దగ్గర ఎవరూ లేరు. పొద్దున్న ఆవిడ నిలబడ్డ చోట, మడతపెట్టిన షర్టుల వరసల ముందు, ఆ కుర్చీ కాస్త వంకరగా, వీధివైపు మొహం పెట్టుకుని ఉంది.